డేకేర్‌లో పసిపిల్లల చదువు: అక్షరాలే కాదు, బిడ్డ మొత్తంగా ఎదగాలి

మన ట్రస్టు బులెటిన్ తెరవగానే పదో తరగతి, ఇంటర్, డిప్లొమా, ఇంజనీరింగు మార్కుల జాబితాలు కనిపిస్తాయి. స్కాలర్‌షిప్ దరఖాస్తులు కూడా అక్కడి నుంచే మొదలవుతాయి. ఇందులో తప్పేమీ లేదు. అయితే బ్యాంకులో గుమాస్తాగా ముప్పై ఐదేళ్లకు పైగా ఖాతాలు రాసిన నాకు ఒక అలవాటు ఉంది. ఏ ఖాతాలోనైనా చివరి నిల్వ చూసే ముందు ప్రారంభ నిల్వ ఎంతో చూస్తాను. చదువు అనే ఖాతాలో ఆ ప్రారంభ నిల్వ బిడ్డకు ఆరేళ్లు నిండక ముందే పడుతుంది. ఆ తర్వాత మనం ఇచ్చే స్కాలర్‌షిప్పులన్నీ దాని మీద చేరేవే. అందుకే ఈసారి ఆరేళ్ల లోపు పిల్లల గురించి, ముఖ్యంగా పగలంతా డేకేర్‌లో గడిపే పిల్లల గురించి, నాకు తెలిసిన నాలుగు మాటలు మనవి చేయదలచాను.

ఎందుకు ఇప్పుడు ఈ విషయం

సోలాపూర్‌లో మన వారి ఇళ్లల్లో పూర్వం పసిపిల్లల సంరక్షణకు వేరే ఏర్పాటు అక్కర లేకపోయేది. ఇంట్లో మగ్గం, పక్కన నాయనమ్మ, వాకిట్లో పిన్నమ్మ పిల్లలు. తల్లి ఒడిలో చేట పెట్టుకుని బీడీలు చుడుతుంటే బిడ్డ పక్కనే పాకుతూ పెరిగేది. దాన్నంతా మెచ్చుకోనక్కర లేదు. పొగాకు దుమ్ములో పసివాళ్లు పెరగడం ఏనాడూ మంచిది కాదు. కానీ బిడ్డతో మాట్లాడే మనుషులకు మాత్రం ఆ ఇళ్లల్లో కొదవ ఉండేది కాదు.

ఇప్పుడు మన పిల్లలు పుణె, బెంగళూరు, చెన్నై, భువనేశ్వర్ నగరాలలో భార్యాభర్తలిద్దరూ ఉద్యోగాలు చేస్తున్నారు. తాతా అమ్మమ్మలు ఊళ్లోనే ఉండిపోతున్నారు. బిడ్డ డేకేర్‌కు వెళుతుంది. మహారాష్ట్రలో దాన్ని పాళణాఘర్ అంటారు. ఇక్కడ ఒక చిన్న లెక్క చూడండి. ఉదయం తొమ్మిది నుంచి సాయంత్రం ఆరు వరకు అంటే తొమ్మిది గంటలు. వారానికి ఐదు రోజులు, ఏడాదికి 48 వారాలు వేసుకున్నా 2,160 గంటలు అవుతుంది. 2009 నాటి విద్యాహక్కు చట్టం ఒకటి నుంచి ఐదో తరగతి వరకు ఏడాదికి కనీసం 800 గంటల బోధన ఉండాలని చెప్పింది. అంటే మూడేళ్ల బిడ్డ డేకేర్‌లో గడిపే కాలం ఒకటో తరగతి బోధన కాలానికి రెండున్నర రెట్లకు మించి ఉంటుంది. ఒకటో తరగతికి బడి ఎంచేటప్పుడు పది మందిని విచారిస్తాం. డేకేర్ విషయంలో మాత్రం చాలామంది చూసేది రెండే: ఇంటికి దగ్గరా కాదా, ఫీజు ఎంత.

‘మొత్తంగా ఎదగడం’ అంటే ఏమిటి

పిల్లల పెంపకంలో శరీరం, మాట, ఆలోచన, మనసు, నలుగురితో మెలిగే తీరు అనేవి ఐదు వేర్వేరు పద్దులు కావు. ఒక పద్దులో లోటు పడితే మిగిలిన నాలుగింటిలోనూ కనిపిస్తుంది. ఆకలితో ఉన్న బిడ్డ కథ వినదు. భయపడే బిడ్డ అడగదు. అడగని బిడ్డకు మాట పెరగదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ, యూనిసెఫ్, ప్రపంచ బ్యాంకు కలిసి 2018లో పసిపిల్లల పోషణకు ఒక చట్రం ప్రకటించాయి. అందులో ఐదు అంశాలు ఉన్నాయి: మంచి ఆరోగ్యం, తగిన పోషకాహారం, బిడ్డ సైగలను గమనించి స్పందించే సంరక్షణ, భద్రత, చిన్ననాటి నుంచే నేర్చుకునే అవకాశం. మన దేశంలో 2022లో వెలువడిన పునాది దశ జాతీయ పాఠ్యక్రమ చట్రం కూడా మూడు నుంచి ఎనిమిదేళ్ల పిల్లల విషయంలో ఇదే దృష్టితో ఉంది. అందులో మన పెద్దలు చెప్పిన అన్నమయ, ప్రాణమయ, మనోమయ, విజ్ఞానమయ, ఆనందమయ కోశాల ప్రస్తావన కూడా వస్తుంది. బిడ్డను ఒక్క బుర్రగా చూడకూడదన్నదే వీటన్నిటి సారం.

ఒక్క మధ్యాహ్న భోజనం తీసుకోండి. మూడేళ్ల బిడ్డ తన చేత్తో అన్నం కలుపుకుంటే వేళ్లకు పట్టు వస్తుంది. రేపు పెన్సిలు పట్టేది ఆ వేళ్లే. ‘ఇంకొంచెం పప్పు కావాలి’ అని అడిగితే అది భాష. అందరికీ తలా ఒక అరటిపండు పంచితే అది లెక్క. తినే ముందు చేతులు కడుక్కుంటే ఆరోగ్యం. పక్కవాడి గిన్నెలో చెయ్యి పెట్టకుండా తన వంతు కోసం ఆగితే అది నడవడి. అరగంట భోజనంలో ఇన్ని పాఠాలు ఉన్నాయి. ఆయా ఐదు నిమిషాలలో అందరి నోళ్లలో ముద్దలు కుక్కి, మూతులు తుడిచి పడుకోబెడితే కడుపు నిండవచ్చు కాని ఆ పాఠాలన్నీ పోయినట్లే.

స్పందించే సంరక్షణ అన్నది కూడా పెద్ద శాస్త్రం కాదు. బిడ్డ కాకిని చూపించి ఏదో అంటుంది. పెద్దవారు అటు చూసి, ‘అవును, కాకి. గోడ మీద వాలింది. ఏం తింటోంది?’ అంటారు. బిడ్డ మళ్లీ ఏదో అంటుంది. ఇలా ఒకరి తర్వాత ఒకరుగా సాగే మాటామంతీ వల్లనే పసి మెదడులో భాషకు, ఆలోచనకు దారులు ఏర్పడి గట్టిపడతాయి. మెదడు ఎదుగుదలలో 85 శాతానికి పైగా ఆరేళ్ల లోపే జరుగుతుందని 2020 జాతీయ విద్యావిధానం పేర్కొంది. టీవీ ఎంత మాట్లాడినా బిడ్డ మాటకు బదులు చెప్పదు. తేడా అంతా అక్కడే ఉంది.

ఇది మనకు కొత్త కాదు

ఇదంతా విదేశాల నుంచి వచ్చిన ఫ్యాషన్ అని కొందరు పెద్దలు అంటుంటారు. చరిత్ర చూస్తే అలా కాదు. గిజుభాయి బధేకా 1920లో గుజరాత్‌లోని భావ్‌నగర్‌లో బాలమందిరం ప్రారంభించారు. ఆయనతో కలిసి పనిచేసిన తారాబాయి మోడక్, తర్వాత అనుతాయి వాఘ్‌తో కలిసి 1945లో మహారాష్ట్ర తీరంలోని బోర్డీలోనూ, ఆ తర్వాత కోస్బాడ్‌లోనూ ఆదివాసీ పిల్లల మధ్య పనిచేశారు. బడికి రాని పిల్లల కోసం బడినే వారి వాకిట్లోకి తీసుకువెళ్లారు. గింజలు, ఆకులు, గవ్వలు, మట్టి వారి బోధన సామగ్రి. అంగణం అంటే వాకిలి. అంగన్‌వాడీ అనే మాట వెనుక ఉన్న భావం అదే.

మరియా మాంటిస్సోరి 1939లో మద్రాసు అడయారుకు వచ్చి ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చారు. మన దుర్గాబాయి దేశ్‌ముఖ్ మద్రాసులో ఆంధ్ర మహిళా సభను స్థాపించారు. 1953లో ఏర్పడిన కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డుకు ఆమె తొలి అధ్యక్షురాలు. ఆ బోర్డు సాయంతో దేశంలో ఎన్నో బాల్వాడీలు నడిచాయి. 1969లో మీరా మహదేవన్ ఢిల్లీలో భవన నిర్మాణ కూలీల పిల్లల కోసం పని జరిగే చోటనే మొబైల్ క్రెషెస్ ప్రారంభించారు. 1975 అక్టోబరు 2న సమగ్ర శిశు అభివృద్ధి పథకం 33 బ్లాకులలో మొదలైంది. పోషకాహారం, టీకాలు, ఆరోగ్య పరీక్ష, పెద్ద ఆసుపత్రికి పంపడం, తల్లులకు ఆరోగ్య బోధన, బడికి ముందరి విద్య అనే ఆరు సేవలు ఒకే చోట పెట్టడంలోనే బిడ్డను మొత్తంగా చూడాలన్న ఆలోచన ఉంది. తమిళనాడు 1982లో పోషక భోజన పథకాన్ని చిన్నపిల్లల కేంద్రాలలోనూ ఆరంభించింది.

ఖర్చుకు తగిన ఫలితం ఉంటుందా

బ్యాంకు మనిషిని కనుక ఈ ప్రశ్న నాకు తప్పదు. అమెరికాలోని మిషిగన్ రాష్ట్రం ఇప్సిలాంటిలో 1962 నుంచి 1967 వరకు పెర్రీ ప్రీస్కూల్ అనే ప్రయోగం జరిగింది. పేద కుటుంబాల నల్లజాతి పిల్లలు 123 మందిని రెండు జట్లుగా చేశారు. ఒక జట్టుకు రోజూ ఉదయం రెండున్నర గంటలు మంచి శిక్షణ ఉన్న ఉపాధ్యాయుల దగ్గర ఆటపాటలతో చదువు. పైగా వారానికోసారి ఉపాధ్యాయురాలు ఇంటికి వెళ్లి తల్లితో మాట్లాడేది. రెండో జట్టుకు ఇవేవీ లేవు. ఆ పిల్లలను నలభై ఏళ్లు దాటే వరకు గమనిస్తూ వచ్చారు.

వచ్చిన ఫలితం ఆలోచించదగినది. మొదట్లో మొదటి జట్టు తెలివితేటల పరీక్షలో ముందుంది. కొన్నేళ్లకు ఆ తేడా కనుమరుగైంది. అయినా పెద్దయ్యాక బడి చదువు పూర్తి చేయడంలో, ఉద్యోగాలలో, సంపాదనలో వారే మెరుగ్గా ఉన్నారు. పోలీసు కేసులు వారి మీద తక్కువ. ఓపిక, పని మీద నిలకడ, నలుగురితో మెలగడం వంటి గుణాల వల్లనే ఇంత మేలు జరిగిందని నోబెల్ పురస్కారం పొందిన ఆర్థికవేత్త జేమ్స్ హెక్‌మన్, ఆయన సహచరులు తేల్చారు. పెట్టిన సొమ్ముకు ఏటా 7 నుంచి 10 శాతం ప్రతిఫలం వచ్చిందని వారి లెక్క.

అయితే ఏ డేకేర్‌లో చేర్చినా ఇదే వడ్డీ వస్తుందని అనుకోకూడదు. కెనడాలోని క్విబెక్ రాష్ట్రం 1997లో రోజుకు ఐదు డాలర్లకే పిల్లల సంరక్షణ పథకం పెట్టి వేగంగా విస్తరించింది. తల్లుల ఉద్యోగాలు పెరిగాయి. కానీ కొందరు ఆర్థికవేత్తలు పరిశీలిస్తే పిల్లలలో ఆందోళన, దుడుకుతనం పెరిగినట్లు కనిపించింది. చాలా కేంద్రాలలో నాణ్యత చాలకపోవడం దీనికి ఒక కారణమని చెబుతారు. డిపాజిట్ వేసే ముందు సంస్థ పరిస్థితి చూసినట్లే ఇక్కడా నాణ్యత చూడాలి.

మూడేళ్లకే రాత పుస్తకాలా

మన తల్లిదండ్రులలో కనిపించే పెద్ద తొందర ఇదే. ఫీజు కట్టాం కనుక ఏ, బీ, సీలు, వంద వరకు అంకెలు వచ్చేయాలి. మా బంధువుల ఇంట్లో మూడేళ్ల బాబుకు రోజుకు నాలుగు పేజీల రాతపని ఇచ్చిన చోటును చూశాను. రాస్తూ రాస్తూ ఏడ్చి, పుస్తకం కనబడితే మంచం కింద దూరేవాడు. ఆ వయసులో వేళ్ల కండరాలు ఇంకా రాతకు సిద్ధం కావు. మట్టి పిసకడం, పూసలు గుచ్చడం, బఠాణీలు వలవడం, కాగితం చింపి అతికించడం, ఇవే రాతకు ముందరి పాఠాలు.

ఆట అంటే ఊరకే వదిలేయడం కాదు. ఇసుకలో గిన్నెలు నింపి పారబోసే బిడ్డ ఎక్కువ తక్కువలు నేర్చుకుంటోంది. చెమ్మచెక్కలో లయ, దాగుడుమూతలలో లెక్క, వంటలాటలో పంపకం ఉన్నాయి. ఉపాధ్యాయురాలు ఆ ఆటకు సామగ్రి సమకూర్చి, మధ్య మధ్య ఒక ప్రశ్న వేసి, ఎవరు వెనుకబడుతున్నారో గమనించాలి. దానికి శిక్షణ కావాలి. అందుకే ఆడించడం ఎవరైనా చేసే పని కాదు.

ఇంటి భాష మాట

ప్రవాసంలో తరతరాలుగా ఉన్న మనకు ఇది ప్రత్యేకమైన విషయం. మా మనవరాలిని రెండేళ్లప్పుడు పుణెలో పాళణాఘర్‌లో చేర్చారు. మొదటి వారం పాప పదే పదే ‘దూప, దూప’ అని ఏడ్చేదట. అక్కడి తాయి మంచి మనిషే. మరాఠీలో తూప్ అంటే నెయ్యి. పాప నెయ్యన్నం అడుగుతోందనుకుని పాపం రోజూ అన్నంలో నెయ్యి ఎక్కువ వేసింది. పాప అడిగింది నీళ్లు. సంగతి తెలిశాక మా అమ్మాయి పన్నెండు తెలుగు మాటలు, వాటి పక్కన మరాఠీ అర్థాలు ఒక కాగితం మీద రాసి ఇచ్చింది: దూప, ఆకలి, బువ్వ, నొప్పి, నిద్ర, భయం, ఉచ్చ వంటివి. తాయి దాన్ని గోడకు అతికించింది. ఏడుపు తగ్గింది. మరి రెండు నెలలకు పాప మరాఠీలోనూ అడగసాగింది. ఈ కాగితం పద్ధతి ఎవరైనా పాటించవచ్చు, ఖర్చు లేదు.

పసివాళ్లు రెండు మూడు భాషలు కలిసి నేర్చుకోగలరు. ఇంట్లో తెలుగు మాట్లాడితే కన్నడమో తమిళమో ఒడియానో ఇంగ్లీషో రాదన్న భయం అక్కర లేదు. ఇంటి భాషలో మాట, ఆలోచన గట్టిపడితే మిగిలిన భాషలు దాని మీద నిలుస్తాయి. వీలైనంత వరకు కనీసం ఐదో తరగతి దాకా ఇంటి భాషలో బోధన ఉండాలని 2020 విద్యావిధానం చెప్పింది. అయితే మన ప్రాంతాలలో తెలుగు మాధ్యమం బడులు తగ్గిపోయాయి. తమిళనాడులో 2006 చట్టంతో తమిళం తప్పనిసరి పాఠ్యాంశమైంది. బడిలో తెలుగుకు చోటు తగ్గేకొద్దీ ఆరేళ్ల లోపు ఇంట్లో వినే తెలుగే బిడ్డకు మిగిలే తెలుగు. పగలు తొమ్మిది గంటలు వేరే భాషలో గడిపే బిడ్డకు సాయంత్రం ఒక తెలుగు కథ, ఒక పాట తప్పక దక్కాలి. యానాంలోని మన వారికి ఈ ఇబ్బంది అంతగా ఉండకపోవచ్చు. మిగిలిన చోట్ల ఇది మన చేతుల్లోనే ఉంది.

డేకేర్‌లో చేర్చే ముందు చూడవలసినవి

1. పెద్దవారు ఎంతమంది, పిల్లలు ఎంతమంది? 2013 నాటి జాతీయ విధానం ప్రకారం మూడేళ్ల లోపు 10 మందికి ఒకరు, మూడు నుంచి ఆరేళ్ల వారికి 20 మందికి ఒకరు ఉండాలి. ఇంతకంటే తక్కువ మంది పిల్లలుంటే మరీ మంచిది.

2. ఆయాలు, ఉపాధ్యాయులు తరచు మారిపోతున్నారా? పసిబిడ్డకు రోజూ ఒకే ముఖం కనబడాలి. జీతం సరిగా ఇవ్వని చోట మనుషులు నిలవరు.

3. వెలుతురు, గాలి, ఆడుకునే జాగా ఉన్నాయా? మూడు నాలుగేళ్ల పిల్లలకు రోజుకు కనీసం మూడు గంటల కదలిక అవసరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో సూచించింది.

4. టీవీ, ఫోను ఎంతసేపు? అదే సూచనల ప్రకారం రెండేళ్ల లోపు వారికి అసలు వద్దు. రెండు నుంచి నాలుగేళ్ల వారికి గంట మించకూడదు. అది ఇంట్లో, డేకేర్‌లో కలిపి గంట.

5. వంటగది, తాగునీరు, మరుగుదొడ్డి మీరే స్వయంగా చూడండి. చూపించడానికి ఒప్పుకోని చోటును వదిలేయండి.

6. టీకాల పుస్తకం అడుగుతున్నారా? జ్వరం వస్తే ఏం చేస్తారు, దగ్గర్లో ఏ డాక్టరు ఉన్నారు?

7. పనివారి పూర్వాపరాలు పోలీసు ద్వారా విచారించారా? బిడ్డను ఎవరికి అప్పగించాలో రాతపూర్వకంగా ఉందా? కెమెరాలు ఉండడం మంచిదే, కానీ అవి మనిషికి బదులు కావు.

8. బిడ్డ ఏడిస్తే ఏం చేస్తారు? ఈ ఒక్క ప్రశ్నకు వచ్చే జవాబుతోనే సగం సంగతి తెలుస్తుంది. బెదిరించడం, చీకటి గదిలో పెట్టడం, ఇతరుల ముందు నవ్వులపాలు చేయడం ఏ మాత్రం ఉన్నా అక్కడ చేర్చవద్దు.

9. చెప్పకుండా పగటిపూట ఎప్పుడైనా రావచ్చునా అని అడగండి. రావచ్చంటే ఒకసారి వెళ్లి చూడండి.

ఉద్యోగం చేసే తల్లులు తమ హక్కు కూడా తెలుసుకోవాలి. 50 మంది లేక అంతకు మించి ఉద్యోగులున్న సంస్థ క్రెష్ సౌకర్యం కల్పించాలని, తల్లి రోజుకు నాలుగు సార్లు వెళ్లి బిడ్డను చూసిరావచ్చని 2017లో ప్రసూతి ప్రయోజనాల చట్టానికి సవరణ చేశారు. 2020 సామాజిక భద్రత కోడ్‌లోనూ ఈ నిబంధన ఉంది. ఫీజు కట్టలేని కుటుంబాలకు అంగన్‌వాడీ ఉంది. 2022లో వచ్చిన మిషన్ శక్తి కింద పాలనా పథకంలో ఆరు నెలల నుంచి ఆరేళ్ల పిల్లలకు అంగన్‌వాడీతో కలిసిన క్రెష్‌లు ఏర్పాటు చేస్తున్నారు. మీ వార్డులో ఉందేమో విచారించండి. అంగన్‌వాడీ అంటే పేదల గంజి కేంద్రం అని చిన్నచూపు చూడకండి. మన వారు పిల్లలను పంపి, నెలకోసారి వెళ్లి అడిగితే అది బాగుపడుతుంది.

ఇంటి వారు చేయవలసింది

డేకేర్ ఎంత మంచిదైనా ఇంటికి బదులు కాదు. సాయంత్రం వచ్చిన బిడ్డను ‘ఈ రోజు ఏం రాశావు?’ అని కాకుండా ‘ఎవరితో ఆడావు? ఏం తిన్నావు? ఎందుకు నవ్వావు?’ అని అడగండి. మూడు నాలుగేళ్ల పిల్లలకు పగటి కునుకుతో కలిపి 10 నుంచి 13 గంటల నిద్ర కావాలి. కనుక రాత్రి పెందలాడే పడుకోబెట్టండి. దూరాన ఉన్న తాతా అమ్మమ్మలు ఫోనులో ముఖం చూసి ముద్దులు పెట్టి ఊరుకోకుండా ఒక చిన్న కథ చెప్పండి. మధ్యలో ఆపి బిడ్డను మాట్లాడనివ్వండి. తండ్రులు కూడా స్నానం, భోజనం, నిద్రపుచ్చడం పంచుకోవాలి. ఉద్యోగం ఇద్దరిదైనప్పుడు బిడ్డ పనీ ఇద్దరిదే.

ఒక మనవి

ఇంటర్ పూర్తి చేసిన అంగన్‌వాడీ కార్యకర్తలకు ఆరు నెలల సర్టిఫికెట్, అంతకంటే తక్కువ చదివిన వారికి ఏడాది డిప్లొమా శిక్షణ ఇవ్వాలని 2020 విధానం చెప్పింది. పసిపిల్లల విద్యలో శిక్షణ పొందినవారి అవసరం ముందు ముందు పెరిగేదే కాని తగ్గేది కాదు. మన స్కాలర్‌షిప్ జాబితాలో ఇంజనీరింగు, వైద్యం, కామర్సు పక్కన పూర్వ ప్రాథమిక ఉపాధ్యాయ శిక్షణకు కూడా ఏటా కొన్ని చోట్లు కేటాయించాలని ట్రస్టు పెద్దలకు నా మనవి. తెలుగూ, స్థానిక భాషా రెండూ వచ్చిన మన ఆడపిల్లలు ఈ పనికి ఎంతో తగినవారు. ఒక్క అమ్మాయి శిక్షణ పొంది ఒక కేంద్రంలో పదేళ్లు పనిచేస్తే, ఏటా ఇరవై మంది చొప్పున రెండు వందల మంది పసివాళ్లు ఆమె చేతి మీదుగా బడికి వెళతారు. ఒక స్కాలర్‌షిప్పుకు ఇంతకంటే మంచి వినియోగం నా లెక్కలో కనిపించడం లేదు. సభ్యులు తమ అభిప్రాయాలు ట్రస్టు కార్యాలయానికి రాసి పంపవలసిందిగా కోరుతున్నాను.